తీయించిన పదకొండో రోజుకే సెప్టిక్ ట్యాంకు మళ్ళీ నిండింది: లోపం ఎక్కడ ఉన్నట్టు?

మొలగొలుకులు
నెల్లూరులో పొదలకూరు రోడ్డు వైపు, ఒకప్పుడు వరి పండిన చేలలో వేసిన ప్లాట్లలో మేము ఇల్లు కట్టుకుని ఏడేళ్ళయింది. కింద మేము ఐదుగురం, పైన అద్దెకున్నవారు నలుగురు. ట్యాంకు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, మధ్యలో అడ్డుగోడతో రెండు అరలు. దానికి పది అడుగుల దూరంలో నాలుగు అడుగుల వెడల్పున్న సిమెంటు వరలు ఎనిమిది అడుగుల లోతుకు దింపిన ఇంకుడు గుంట ఉంది. ఆరేళ్ళు దీని ఊసే తలవలేదు. ఈసారి కార్తీక మాసం వానలు మొదలైనప్పటి నుంచి కింది మరుగుదొడ్డిలో నీళ్ళు పోస్తే గిన్నె అంచుదాకా పైకి లేచి, ఆలోచించుకుని, మెల్లగా దిగుతున్నాయి. పైవాళ్ళు ఫ్లష్ నొక్కితే మా స్నానాలగది నానీ ట్రాపులో, అంటే నేల మీది నీళ్ళు పోయే జాలీ కింద, గుడగుడమని చప్పుడు, వెంటనే వాసన. బండిని పిలిపించి మూడు వేలిచ్చి మొత్తం తీయించాను. పదకొండో రోజున మూత ఎత్తి చూస్తే మళ్ళీ నిండుగా ఉంది. బండివాడు సగమే తీసి మోసం చేశాడా, ట్యాంకే చిన్నదా? ఒక ప్లంబరు ఇంకో ట్యాంకు కట్టమంటున్నాడు. మా అత్తగారు మాత్రం ట్యాంకు వాయవ్యంలో లేకపోవడమే కారణమని తేల్చేశారు.

విశ్రాంత_ఏఈ
ముందుగా బండివాడిని వదిలేయండి. అతను మోసం చేయలేదు. సెప్టిక్ ట్యాంకు అనేది నీళ్ళ తొట్టిలాగా నిండేదాకా వాడి ఖాళీ చేసుకునే వస్తువు కాదు. అది ఎప్పుడూ నిండుగానే ఉండాలి. లోపలికి ఒక చెంబు పోతే అవతలి పైపు గుండా ఒక చెంబు ఇంకుడు గుంటలోకి పోవాలి. బరువైన మడ్డి అడుగుకు చేరుతుంది, జిడ్డూ నురుగూ తెట్టులాగా పైన తేలుతాయి, నడుమనున్న కొంచెం తేటనీరు మాత్రమే బయటకు వెళుతుంది. తొమ్మిది మంది తలా నూట ముప్పై అయిదు లీటర్లు వాడారనుకుంటే రోజుకు పన్నెండు వందల లీటర్లు దాటుతాయి. మీ ట్యాంకులో నీటి లోతు నాలుగు అడుగులైతే దాని కొలత దాదాపు 3,600 లీటర్లు. అంటే పదకొండో రోజున కాదు, మూడో రోజు సాయంత్రానికే అది నిండి ఉంటుంది. ఆ సంగతి మీరు ఎనిమిది రోజులు ఆలస్యంగా చూశారు, అంతే.

అసలు చూడవలసింది ట్యాంకు నిండిందా లేదా అన్నది కాదు, నీటిమట్టం బయటకు పోయే పైపు నోటితో సమానంగా ఉందా, దానికన్నా పైన ఉందా అన్నది. సమానంగా ఉంటే ట్యాంకూ ఇంకుడు గుంటా బాగున్నట్టు, అడ్డు ఇంటికీ ట్యాంకుకీ మధ్య పైపులో ఉన్నట్టు. పైన ఉంటే అడ్డు ట్యాంకు అవతల ఉన్నట్టు. మూత ఎత్తి ఈ ఒక్క ముక్క చెప్పండి, సగం జబ్బు తెలిసిపోతుంది. మూత తీసినప్పుడు మొహం లోపలికి వంచకండి, దగ్గర్లో అగ్గిపుల్లగానీ బీడీగానీ ఉండకూడదు, పిల్లలను దూరంగా ఉంచండి.

ఒంగోలు_గిత్త
ఏఈ గారు చెప్పిన రెండు రకాల్లో మాది మొదటిది. ఒంగోలులో మా ఇంట్లో ఇవే లక్షణాలు కనబడితే ట్యాంకు తీయించాం, ఇంకుడు గుంట తవ్వించాం, పదిహేను వేలు వదిలాయి. చివరికి ఛాంబరు (ఇంటి మురుగు పైపులు కలిసే మూత గుంట) దగ్గర మలుపులో వెదురు బద్ద పోనిస్తే ఒక టూత్‌బ్రష్షు, దానికి చుట్టుకున్న తలవెంట్రుకలు, ఆ వెంట్రుకల్లో చిక్కుకున్న ఎనిమిది షాంపూ పొట్లాలు ఒక్క ముద్దగా బయటపడ్డాయి. బ్రష్షు మా రెండో వాడిది. తప్పిపోయిన రోజున ఎలుక ఎత్తుకుపోయిందని చెప్పాడు.

వరల_మేస్త్రి
నాకు చూడకుండానే తెలుస్తోంది, ఇంకుడు గుంట చచ్చిపోయింది. వరిమడిలో బంకమట్టి నీళ్ళు తాగదు. ఎనిమిది అడుగులు సరిపోవు, ఇంకో ఎనిమిది అడుగులు దించండి, కింద ఇసుకపొర తగిలితే ఇరవై ఏళ్ళు తిరిగి చూడనక్కర్లేదు. కోవూరు దగ్గర నేను వేసిన గుంటలు చాలావరకు పదిహేను అడుగులే.

ఉప్పుగాలి
మేస్త్రి గారి మాటతో నాకు పేచీ ఉంది. మాది కొత్తపట్నం దగ్గర, సముద్రపు ఇసుక. మా దగ్గర ఐదు అడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి, వానాకాలంలో మూడు అడుగులకే కనబడతాయి. లోతుగా దించిన వర నీళ్ళలో నిలబడితే అది ఇంకుడు గుంట కాదు, బావి. అందులోంచి నీళ్ళు బయటకు ఇంకడం మాట అటుంచి, బయటి నీళ్ళే లోపలికి వస్తాయి. నెల్లూరు చుట్టుపక్కల చేలలో కార్తీకంలో నేలనీరు ఎంత పైకి వస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు. గుంట అడుగు ఎప్పుడూ నేలనీటికి పైనే ఉండాలి. నడుమనున్న పొడిమట్టే మురికిని వడకడుతుంది.

ఇంకొక మాట. వానల్లో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించడం కూడా ప్రమాదమే. మా పక్కింటివాళ్ళు ప్లాస్టిక్ ట్యాంకు పాతుకుని, నవంబరులో ఖాళీ చేయించిన మరునాడు లేచి చూస్తే అది కింది నీటి తోపుడుకు నేలలోంచి అడుగున్నర పైకి తేలి, పైపులన్నీ విరగ్గొట్టుకుని, తాబేలులా కూర్చుని ఉంది. మీది ఇటుక కట్టుబడి కాబట్టి తేలదుగానీ, అడుగు పల్చగా పోసి ఉంటే పగులుతుంది.

బుచ్చి_బుల్లోడు
ఇంత చర్చ అనవసరం. రెండు సీసాల యాసిడ్, అరకిలో బ్లీచింగ్ పొడి కలిపి పోసి తలుపు మూసేస్తే రాత్రికి రాత్రి అంతా కరిగి పోతుంది. అప్పటికీ పోకపోతే ఇద్దరు మనుషులను దింపి అడుగు మడ్డి బక్కెట్లతో తోడించండి. బండి పైపు అడుగుదాకా పీల్చదు.

కనిగిరి_కోడలు
బుల్లోడు గారూ, ఆ రెండూ కలిపితే మడ్డి కరగదు, విషపు క్లోరిన్ గాలి పుడుతుంది. మా అత్తగారు రెండేళ్ళ కిందట పండగ ముందు మరుగుదొడ్డి కడుగుతూ సరిగ్గా ఈ పనే చేసి, బయటకు వచ్చి గోడ పట్టుకుని దగ్గుతూ కూలబడ్డారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి ఒక రాత్రి ఉంచుకున్నారు. అది మా ఇంట్లో అందరూ కళ్ళారా చూసింది. ఈ సలహా చదివి ఎవరూ ప్రయత్నించకండి. పైగా యాసిడ్ ఎక్కువగా పోస్తే ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చచ్చి, ఉన్న పని కూడా ఆగిపోతుంది.

పలక_బలపం
రెండో సలహా మొదటిదానికన్నా ఘోరమైనది. మార్కాపురంలో నా ఎరుకలో ఒక ఇంట్లో మనిషిని దింపబోతే అందరం అడ్డుపడ్డాం, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. సెప్టిక్ ట్యాంకు లోపల హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను, బొగ్గుపులుసు వాయువు నిలబడి ఉంటాయి. మడ్డి కదిపిన క్షణంలో అవి ఒక్కసారి పైకి వస్తాయి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే జాగ్రత్త పడదామనుకుంటారు, కానీ హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. మొదట దిగినవాడు పడిపోతాడు, అతన్ని లాగబోయినవాడు అతని మీదే పడతాడు. పేపర్లో వచ్చే ఇలాంటి వార్తల్లో చాలాసార్లు ఇద్దరో ముగ్గురో ఉండడానికి కారణం ఇదే. మూతలు ఒక పూటంతా తెరిచి పెట్టాం కదా అన్న ధీమా పనికిరాదు.

చట్టం కూడా తెలుసుకోండి. పాకీపనిని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా ఎవరినైనా ట్యాంకులోకి దింపితే మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సుప్రీంకోర్టు 2014లో ఇలా చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని చెప్పింది, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. డబ్బు సంగతి అలా ఉంచండి, మన ఇంటి మలంలో ఇంకొకరి ప్రాణం పోవడం ఏమిటి?

బుచ్చి_బుల్లోడు
మా వీధిలో అందరూ చేసేదే చెప్పాను. మనుషుల్ని దింపే మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. యాసిడ్ సంగతి నాకు నిజంగా తెలియదు. ఇంట్లో రెండూ ఒకే అలమరలో ఉన్నాయి, ఇప్పుడే వేరు చేశాను.

మొలగొలుకులు
ఏఈ గారు చెప్పినట్టు పొద్దున్నే మూత ఎత్తాను. రెండో అరలో బయటకు పోయే పైపు నోరు కనబడనే లేదు. కర్ర పెట్టి తడిమితే నీళ్ళకు ఏడు అంగుళాల కింద తగిలింది. ఇంకొక విషయం ఇప్పుడు గుర్తుకొచ్చింది. ఆ రోజు బండివాడు నీళ్ళు తోడేశాక, ఆ పైపులోంచి నీళ్ళు వెనక్కి, ట్యాంకులోకి, ధారగా ఇరవై నిమిషాలు వచ్చాయి. "సారూ, ఇది నా పని కాదు, మీ గుంట పని చూసుకోండి" అని అతను అన్నాడు. నేను ఎక్కువ డబ్బులు అడగడానికి చెబుతున్నాడేమో అనుకున్నాను.

ఒంగోలు_గిత్త గారి బ్రష్షు చదివాక అనుమానం వచ్చి, పైవాళ్ళ మరుగుదొడ్డిలో బట్టల నీలిమందు కలిపిన బక్కెట్టు నీళ్ళు పోయించాను. కింద ఛాంబరు మూత తీసి నిలబడ్డాను. నీలం నీళ్ళు అడ్డంకి లేకుండా వచ్చి, ట్యాంకు వైపు పైపు దగ్గర ఆగి, సుడి తిరిగి, మెల్లగా పోయాయి.

విశ్రాంత_ఏఈ
నీలిమందు ఆలోచన చాలా బాగుంది. పైనుంచి ఛాంబరు వరకు దారి శుభ్రంగా ఉంది. ట్యాంకులో నీళ్ళు ఏడు అంగుళాలు పైకి ఎక్కి కూర్చున్నాయి. బండివాడు చెప్పింది అక్షరాలా నిజం: ఇంకుడు గుంట నిండి, నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి. వరల_మేస్త్రి గారు చూడకుండా చెప్పిన రోగం సరైనదే, మందు విషయంలోనే నేను ఉప్పుగాలి గారి పక్షం.

గుడగుడకు రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, నీళ్ళు పోవడానికి చోటు లేక పైపులోని గాలి మీ నానీ ట్రాపు గుండా బయటపడుతోంది. రెండోది, గాలి గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. ఇల్లు ట్యాంకుకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ గొట్టం ఇంటి కప్పు మీద ఇంకో రెండు మీటర్లు పైకి ఉండాలని, కొసన దోమతెర ఉండాలని సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. దాన్ని ఒకసారి చూడండి.

అయితే ఆరేళ్ళు పనిచేసిన గుంట ఈ ఏడే ఎందుకు మొరాయించింది? వానలు ప్రతి ఏడూ వస్తాయి. ఈమధ్య ఏమైనా కొత్తగా కలిపారా? వాషింగ్ మెషీను, నీళ్ళ ఫిల్టరు వృథానీరు, ఇంకేదైనా? డాబా మీద వాననీటి పైపు ఎక్కడికి పోతోంది? ట్యాంకు లోపల బయటి పైపుకు టీ, అంటే ఇంగ్లీషు 'T' ఆకారపు పైపు ముక్క, బిగించి ఉందా, ఉత్త పైపేనా?

ఒంగోలు_గిత్త
ఏఈ గారు నాడి పట్టుకున్న వైద్యుడిలా ప్రశ్నలు వేస్తున్నారు. వాయవ్యం గురించి మాత్రం అడగలేదు, అత్తగారు నొచ్చుకుంటారు.

మొలగొలుకులు
అత్తగారికి ఈ చర్చ అంతా చదివి వినిపిస్తున్నాను. ఒంగోలువాళ్ళకు వేళాకోళం ఎక్కువ అన్నారు.

ఇప్పుడు దొరికిన సంగతులు రాస్తాను, నవ్వకండి. గాలి గొట్టం చూద్దామని డాబా ఎక్కితే దాని నోటికి ఎవరో ప్లాస్టిక్ సంచి కప్పి, సైకిల్ ట్యూబుతో బిగించి కట్టారు. అద్దెకున్నవారిని అడిగితే, బట్టలు ఆరేసుకునే చోటికి వాసన వస్తోందని వాళ్ళే కట్టామని చెప్పారు. ఆ సంచి గాలికి ఉబ్బి గుండ్రంగా నిలబడి ఉంది. ట్యూబు ఊడదీయగానే వచ్చిన వాసనకు రెండు మెట్లు వెనక్కి దిగాను.

రెండోది ఇంతకంటే సిగ్గుపడాల్సిన విషయం. గత వేసవిలో ముందువైపు పోర్టికో వేయించాం. అప్పటివరకు డాబా మీది వాననీళ్ళు గోడ వెంబడి దిగి వీధి కాలువలో పడేవి. కొత్త గచ్చు మీద నీళ్ళు పారకూడదని మేస్త్రి ఆ పైపును నేలలోంచి తిప్పి, దగ్గరగా ఉందని మరుగుదొడ్డి ఛాంబరులోకి కలిపేశాడు. గచ్చు కింద కాబట్టి నాకు కనబడలేదు. పోర్టికో గోడ పక్కన కొంచెం పగలగొట్టి చూస్తే నాలుగంగుళాల పైపు తిన్నగా ఛాంబరులోకి దిగి ఉంది. దాని నోట్లో వేపాకు, పావురం ఈకలు, ఒక గాలిపటం తోక ఉన్నాయి.

విశ్రాంత_ఏఈ
దొంగ దొరికాడు. మీ డాబా ఎంత?

మొలగొలుకులు
పోర్టికోతో కలిపి పన్నెండు వందల చదరపు అడుగులు.

విశ్రాంత_ఏఈ
లెక్క కట్టండి. పన్నెండు వందల చదరపు అడుగులంటే దాదాపు నూట పదకొండు చదరపు మీటర్లు. ఈశాన్య రుతుపవనాల్లో నెల్లూరులో ఒక్కరోజు అయిదు సెంటీమీటర్ల వాన పడడం వింత కాదు. ఆ ఒక్క వానకు మీ డాబా మీద అయిదున్నర వేల లీటర్లు పోగవుతాయి. ట్యాంకు 3,600 లీటర్లు, ఇంకుడు గుంట నిండా పడితే 2,800 లీటర్లు. అంటే ఒక్క వాన మీ ట్యాంకును ఒకటిన్నర సార్లు కడిగేసి, ఏళ్ళ తరబడి అడుగున నిద్రపోతున్న మడ్డిని కలియబెట్టి, గుంటలోకి తోసి ఉంటుంది. గుంట గోడలకూ అడుగుకూ ఆ మడ్డి మైనంలాగా పట్టి మట్టి రంధ్రాలు పూడిపోతాయి. ఆ తరువాత వాన వెలిసినా అది ఇంకదు. టీ సంగతి చెప్పలేదు.

మొలగొలుకులు
టీ లేదు. గోడకు రంధ్రం చేసి పైపు ముక్క దూర్చి సిమెంటు పూశారు. తెట్టు ఆ పైపు మీదుగానే తేలుతోంది.

వరల_మేస్త్రి
ఇక్కడ నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. చిన్న టీ ముక్క కోసం ఎవరూ పట్టుబట్టరు, ఇంటాయన అడగడు, మేము వేయం. టీ ఉంటే పైతెట్టును ఆపి, నడుమ నీళ్ళనే తెట్టు కిందినుంచి తీసుకుంటుంది. అది లేకపోతే జిడ్డు, నురుగు నేరుగా గుంటలోకి పోతాయి. నేను కూడా పాత రోజుల్లో చాలా ఇళ్ళకు వేయలేదు. ఇప్పుడు రెండు వైపులా వేస్తున్నాను. లోతు విషయంలో మాత్రం నా మాట ఇంకా నాదే, కోవూరులో నా గుంటలు పనిచేస్తున్నాయి.

ఉప్పుగాలి
మేస్త్రి గారూ, కోవూరులో మీ పదిహేను అడుగుల గుంటలు పనిచేస్తున్నట్టు కనబడడానికి కారణం, మురికి నేరుగా నేలనీటిలో కలిసిపోవడమే కావచ్చు. ఇంటాయనకు సుఖమే. పక్కింటి బోరుకు? తాగేనీటి బావికీ బోరుకూ ఇంకుడు గుంట పద్దెనిమిది మీటర్లు, అంటే అరవై అడుగుల దూరం ఉండాలంటారు. మన ప్లాట్లు ముప్పై మూడడుగుల వెడల్పు. ఎవరి గుంటైనా ఎవరో ఒకరి బోరు పక్కనే ఉంటుంది. ఇసుక నేలలో మాకు నీళ్ళు ఇంకడం సమస్య కాదు, మరీ త్వరగా ఇంకడమే సమస్య.

వరల_మేస్త్రి
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కనిగిరి_కోడలు
మా వైపు కథ పూర్తిగా వేరు. నాలుగు అడుగులు తవ్వితే రాయి. మా మామగారు ఇంకుడు గుంటకు రాయి కొట్టించి ఎనిమిది అడుగులు దించారు, అది రాతి గిన్నెలాగా నీళ్ళు పట్టి కూర్చుంది. ఒక ఇంజనీరు వచ్చి, తవ్వేముందు చేయవలసిన పరీక్ష తవ్విన తరువాత చేయించాడు. అడుగు లోతు చిన్న గొయ్యి తీసి, ముందు రోజంతా నీళ్ళు పోసి నానబెట్టి, మరునాడు మళ్ళీ నీళ్ళు నింపి, స్కేలు పెట్టి అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. గంట దాటితే ఆ నేలలో ఇంకుడు గుంట పెట్టుకోకూడదు. మా గొయ్యిలో రెండు గంటలకు కూడా అంగుళం దిగలేదు. చివరికి ట్యాంకు తరువాత కంకర నింపిన వడపోత తొట్టి కట్టి, నీళ్ళు దాని అడుగునుంచి పైకి వచ్చేలా పెట్టి, ఆ నీటిని పెరటిలో పైపొర మట్టిలోకి వదులుతున్నాం. మొలగొలుకులు గారు కొత్త గుంట తవ్వే ముందు ఈ స్కేలు పరీక్ష తప్పక చేయాలి. వానలు తగ్గాక మాత్రమే చేయండి, తడి నేలలో అది అబద్ధం చెబుతుంది.

బుచ్చి_బుల్లోడు
యాసిడ్ మాట మళ్ళీ ఎత్తను. కానీ ఈ తంటాలన్నీ ఎందుకు, ట్యాంకు బయటి పైపును వీధి కాలువలోకి వదిలేస్తే సరిపోదా? మా వీధిలో సగం ఇళ్ళవి అలాగే ఉన్నాయి.

పలక_బలపం
ట్యాంకులోంచి వచ్చేది తేటగా కనబడినా అది శుభ్రమైన నీరు కాదు. విరేచనాలు, పచ్చకామెర్ల క్రిములు అందులో బతికే ఉంటాయి. ఆ కాలువ పక్కనే తాగునీటి కుళాయి పైపు పోతుంది. కుళాయి ఆగినప్పుడు ఆ పైపుకు పగులుంటే కాలువ నీటిని లోపలికి పీలుస్తుంది. మీ వీధిలో సగం ఇళ్ళు అలా ఉన్నాయంటే మిగతా సగం ఇళ్ళు ఏ నీళ్ళు తాగుతున్నాయో కనుక్కోండి.

ఒంగోలు_గిత్త
బుల్లోడు గారు ఈ చర్చలో చేరకపోతే మనకు సగం విషయాలు తెలిసేవి కావు. నిజంగానే అంటున్నాను.

మొలగొలుకులు
ఇప్పుడు నేను వరసగా ఏం చేయాలి? ఇంట్లో తొమ్మిది మంది ఉన్నారు, సంక్రాంతికి ఇంకో ఆరుగురు వస్తారు. ఇంకొకటి, మా బంధువు ఒకరు ఈస్టు, బెల్లం, పేడ కలిపి పోస్తే ట్యాంకు బాగవుతుందని రోజూ ఫోను చేస్తున్నారు.

విశ్రాంత_ఏఈ
ఈ రోజే చేయవలసింది ఒకటే: వాననీటి పైపును ఛాంబరు నుంచి కోసి, ఛాంబరు వైపు నోటిని మూసేసి, పాత దారినే వీధిలోకి వదలండి. వాననీటిని భూమిలోకే దింపాలనుకుంటే దానికి వేరే గుంట కావాలి, అది మురుగు గుంటకు దూరంగా ఉండాలి. గాలి గొట్టానికి సంచి బదులు దోమతెర కట్టి, మీ డాబా మీద ఇంకో ఆరడుగులు పెంచండి, పైవాళ్ళ బట్టలకు వాసన తగలదు.

ఈ వారంలో వాషింగ్ మెషీను, స్నానాల నీళ్ళు, ఫిల్టరు వృథానీరు మరుగుదొడ్డి లైను నుంచి వేరుచేయండి. స్నానాలవీ బట్టలవీ నీళ్ళు అరటిచెట్లకు పారించవచ్చు, నిలవ ఉండనీయకండి, దోమలు వస్తాయి. ఇంటి వాడకంలో పెద్ద భాగం ఈ నీళ్ళే కాబట్టి ట్యాంకు మీద పడే బరువు బాగా తగ్గుతుంది, పాత గుంట కొంచెమైనా ఊపిరి పీల్చుకుంటుంది. వంటింటి జిడ్డు నీటికి మాత్రం చిన్న జిడ్డు తొట్టి పెట్టాలి.

టీ బిగించడానికి ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు. నీటిమట్టం తగ్గించాక పైనుంచి, మూత దగ్గర నిలబడి, పైపు ముక్కకు అతికించి జరపవచ్చు. మీ మూత రంధ్రం పైపు మీదే లేకపోతే అక్కడ చిన్న కన్నం కోయించండి.

కొత్త గుంట విషయం మార్చి దాకా ఆపండి. ఇప్పుడు తడిలో తవ్వితే పార దెబ్బకే బంకమట్టి గోడలు అద్దంలా నునుపు తేలి రంధ్రాలు మూసుకుపోతాయి. మార్చిలో కనిగిరి_కోడలు గారి స్కేలు పరీక్ష చేసి, అది ఒప్పుకుంటే లోతైన గుంట కాకుండా, మూడడుగుల లోతున కంకర పోసిన పొడవాటి కాలువ వేయండి. లోతుకన్నా పొడవు మేలు. పాతదాన్ని పూడ్చకండి, రెంటికీ మధ్య మార్చుకునే ఏర్పాటు పెట్టుకుంటే ఒకటి పనిచేస్తుండగా ఇంకొకటి ఎండి కోలుకుంటుంది.

పేడ, బెల్లం పోయడం వల్ల కలిసొచ్చేది లేదు. మనం రోజూ పంపేదాంట్లోనే కావలసినన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. బంధువుకు ధన్యవాదాలు చెప్పి, ఆ బెల్లంతో అరిసెలు చేయించండి.

కనిగిరి_కోడలు
పండగకు వచ్చే ఆరుగురిలో చిన్నపిల్లలుంటే తడి తుడుపు గుడ్డలు, డైపర్లు పారవేయడానికి మరుగుదొడ్డి పక్కనే మూత బుట్ట పెట్టండి. చెప్పి ఊరుకుంటే వినరు, బుట్ట కనబడితే వింటారు.

మొలగొలుకులు
పంతొమ్మిది రోజుల తరువాత రాస్తున్నాను. వాననీటి పైపు ఆ రోజే కోయించాను. బట్టల నీళ్ళు, స్నానాల నీళ్ళు పెరటి అరటిచెట్లకు మళ్ళించాం. టీ బిగించే ముందు బండివాడినే మళ్ళీ పిలిచాను, ఈసారి నీళ్ళు ఒక అడుగు మేర మాత్రమే తీయమన్నాను. "ఇంతకుముందే చెప్పాను కదా సారూ" అన్నాడు, అన్నా తప్పు లేదు. నడుమ రెండు రోజులు గట్టి వాన పడింది. మూడో రోజు మూత ఎత్తితే మట్టం టీ నోటికి రెండంగుళాలు పైన ఉంది, ఇవాళ పొద్దున్న సరిగ్గా నోటి దగ్గర ఉంది. గుడగుడ లేదు. చీపురుకర్రకు పాత తెల్ల తువ్వాలు చుట్టి అడుగుదాకా దింపి చూశాను, మడ్డి గుర్తు పదకొండు అంగుళాలు ఉంది.

విశ్రాంత_ఏఈ
నీటి లోతు నాలుగు అడుగులు, మడ్డి పదకొండు అంగుళాలు. పైన తెట్టు కూడా కలిపి లోతులో మూడో వంతుకు చేరితే, అంటే పదహారు అంగుళాలకు, మళ్ళీ తీయించండి. వాన నీళ్ళు కడిగేసింది పోను ఇంత మిగిలిందంటే బండి పైపు అడుగుదాకా పోలేదన్న బుల్లోడు గారి మాటలో కొంత నిజముంది.

బుచ్చి_బుల్లోడు
ఈ ఒక్క వాక్యాన్ని నేను అచ్చు వేయించి ఇంట్లో పటం కట్టించుకుంటాను.

వరల_మేస్త్రి
మార్చిలో కాలువ తవ్వేటప్పుడు ఒక మాట చెప్పండి, కోవూరు నుంచి వస్తాను. మూడడుగుల లోతు కాలువ నేను ఇంతవరకు వేయలేదు, చూడాలి.

మొలగొలుకులు
తప్పకుండా రండి మేస్త్రి గారూ. కాలువ వాయవ్యం వైపే పోతోందని తెలిసి మా అత్తగారు ఇప్పటికే ముగ్గులు వేయడానికి చోటు చూసుకుంటున్నారు.